రెండు ఎడమచేతి తొడుగులు

లియెపాయా,
1997 అక్టోబరు 4

అక్కా,

నీ పార్సెల్ అందింది. నా పేరు రోజు దాటాక నాలుగు రోజులకి వచ్చింది. అందులో నీ తప్పేం లేదు, మన తపాలా వాళ్ళకి మికెలిస్ రోజైనా మామూలు మంగళవారమైనా ఒకటే. క్యాలెండరులో ఆ తారీకు కింద నా పేరు చూసుకుని పదకొండు మంది వచ్చారు, అందరూ రేవులో నాతో క్రేన్ల మీద పనిచేసినవాళ్ళు. పేరు రోజుకి ఎవరూ పిలవరు కాబట్టి వచ్చారు గానీ, పిలిచి ఉంటే సగం మంది నడుంనొప్పి అనేవాళ్ళు. మా ఆవిడ వలీయా ముందురోజు నుంచీ పొయ్యి వదల్లేదు, అయినా రొట్టె చాల్లేదు. నువ్వు మాత్రం రావు. నలభై ఎనిమిదేళ్ళుగా నీకు పేరు రోజులంటే పడదు. నీదైనా అంతే, నాదైనా అంతే.

సరే, అసలు సంగతి. నువ్వు అల్లి పంపిన ఊలు తొడుగులు రెండూ ఎడమచేతివే. అది పోనీ. ఒకటి మన ఊరి ఎరుపూ తెలుపూ, ఇంకోదాంట్లో ఎరుపు ఉండాల్సిన చోట ఆకుపచ్చ ఉంది. అదీ పోనీ. కానీ మణికట్టు పైన జంటవెన్ను ఉంటుంది కదా, రెండు కంకులు ఒకదాన్నొకటి కౌగిలించుకున్నట్టు, అది ఒక తొడుగులో సగమే ఉంది. ఒంటికంకి. నువ్వు ఆరేళ్ళ వయసు నుంచి అల్లుతున్నావు. అమ్మ నిద్రలో కూడా జంటవెన్ను తప్పు వేసేది కాదు, నువ్వూ వేయవు. మన వాళ్ళు ఆ గుర్తు దేనికి వేస్తారో నీకు నేను చెప్పక్కర్లేదు. జంట విడిపోకూడదని వేస్తారు.

వలీయా నవ్వుతోంది, అల్లిక తప్పింది అంతే అంటుంది. నాకు అర్థం కావడం లేదు. నా మీద ఏమైనా కోపమా?

నీ తమ్ముడు,
మికెలిస్


బితేని ఇల్లు, మదొనా దగ్గర
అక్టోబరు 19

ఒరేయ్ మికెలిస్,

తొడుగులు చేతికి వేసుకుంటావా, పుస్తకంలా చదువుతావా? నేను ఒక కుడీ ఒక ఎడమా పెట్టాననే అనుకున్నాను. కుడిది ఇక్కడే బుట్టలో ఉందేమో, వెతుకుతాను. ఆకుపచ్చ సంగతి మన పిల్లినడుగు, ఊలుబుట్టలో పడుకునేది అదే.

బంగాళాదుంపలు తీయడం అయింది. ఈసారి చిన్నవి, కానీ చెడినవి తక్కువ. తేనెటీగలకి చలికాలం మూత పెట్టేశాను. ఐదు పెట్టెలే మిగిలాయి, నాన్న కాలంలో ఇరవై రెండు. ఫోను తీగ రాగి కోసం మళ్ళీ కోసుకుపోయారు, ఇది మూడోసారి. ఇక వేయించనని చెప్పాను, ఎవరితో మాట్లాడాలి నేను. ఉత్తరాలు తెచ్చే జింత్రా రోజూ మోపెడ్ ఆపి ఓ పది నిమిషాలు కూర్చుంటుంది, నాకదే ఫోను. నీ ఉత్తరంలో నడుంనొప్పి మాటకి తెగ నవ్వింది.

కోపమా అని అడిగావు. కోపం దేనికిరా? నేను కోప్పడాల్సిన పని ఏమైనా చేశావా?

వలీయాని అడిగానని చెప్పు. దగ్గుకి ముల్లంగి తేనె మానవద్దను.

మారీతె


లియెపాయా,
నవంబరు 27

అక్కా,

ముందు ఒక మాట. నేను రాసేవి జింత్రాకి వినిపిస్తున్నావా? మంచి మనిషే, కాదనను. కానీ నేను ఉత్తరం రాసేది నీకు.

పోయినవారం మీ జిల్లా పత్రిక ఒకటి రేవు ఆఫీసులో దొరికింది. ఎవరో హెర్రింగ్ చేప చుట్టి తెచ్చారు. పద్దెనిమిదో తారీకు దేశమంతా జెండాలు కట్టిన ఫోటోల్లో మన రోడ్డు కూడా వేశారు. మూలన మన బితేని ఇల్లు, మన జెండాకర్ర, దాని మీద నాన్న జెండా. దాని పైకొసకి నల్లరిబ్బను.

భూతద్దం పెట్టి చూశాను. వలీయా చేత చూపించాను. నల్లరిబ్బనే.

స్వాతంత్ర్య దినాన నల్లరిబ్బనేమిటి అక్కా? అది మార్చి ఇరవై ఐదుకి, జూన్ పద్నాలుక్కి. మన వాళ్ళని బండ్లెక్కించి సైబీరియాకి తీసుకుపోయిన రోజులకి. ఆ జెండా నిషేధంలో ఉన్న నలభై ఏళ్ళూ తేనెపెట్టె అడుగున రెండు చెక్కల మధ్య ఉంది. ఎనభై తొమ్మిదిలో నువ్వు చెక్క ఊడదీసి మైనం వాసన వేసే ఆ బట్ట బయటికి తీస్తుంటే నేను ఒక కొస పట్టుకున్నాను. నా వైపు కొస జారితే "నేలకి తగలనివ్వకు" అని కసిరావు. అలాంటిదానివి పండగపూట సంతాపం కట్టావంటే ఊరికే కట్టవు. ఎవరైనా పోయారా? లేక నీ లెక్కలో ఎవరైనా పోయినట్టేనా?

నీ పోయిన ఉత్తరంలో వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, కాయితం చిరిగేంత గట్టిగా నొక్కి రాశావు. "కోప్పడాల్సిన పని ఏమైనా చేశావా" అన్నచోట కలం అవతలి పక్కకి దిగబడింది. ఆ ప్రశ్న నెలరోజులుగా నా వెంట తిరుగుతోంది. మతి పోయింది మీ అక్కకో, మీకో చెప్పండి అంటోంది వలీయా.

నాకైతే ఏమీ అంతు పట్టడం లేదు.

మికెలిస్


బితేని ఇల్లు,
డిసెంబరు 12

మికెలిస్,

ఎవరూ పోలేదు. జింత్రా వాళ్ళ మేనత్త పోయింది కానీ ఆవిడకి తొంభై నాలుగు, ఆవిడ కోసం నేను జెండా కట్టను.

రిబ్బను నేను జూన్‌లో కట్టాను, ఆ సాయంత్రమే విప్పాను. విప్పాననే నా జ్ఞాపకం. ఫోటోలో నీడ పడి ఉంటుంది. మన ఇంటి ముందు లిండెన్ చెట్టు కొమ్మలు ఆ కర్ర మీదికి వస్తాయని నీకూ తెలుసు. చేప చుట్టిన కాయితం చూసి సొంత అక్కని నిలదీసేవాణ్ణి నిన్నే చూశాను.

అయినా ఒకటి నాకూ తేలడం లేదు. పద్దెనిమిదిన నేను వాకిట్లో నిలబడి ఉంటే రోడ్డున పోయేవాళ్ళెవరూ పలకరించలేదు. అందరూ అడుగు నెమ్మది చేసి వెళ్ళిపోయారు. పండగపూట ఈ ఊరికేమొచ్చిందా అనుకున్నాను.

క్రిస్మస్‌కి బూడిదరంగు బఠాణీలు పంపుతున్నాను, మన మడివే. పందిమాంసం కొవ్వు ముక్కలు మీ దగ్గరే కొనుక్కోండి. ఒక్క గింజ మిగల్చకండి, మిగిలిన ప్రతి గింజకీ కొత్త సంవత్సరంలో ఒక కన్నీటిచుక్క. అమ్మ మనచేత గిన్నె నాకించేది, గుర్తుందా?

నీ గోల ఆపి హాయిగా పండగ చేసుకో.

మారీతె


లియెపాయా,
1998 జనవరి 8

అక్కా,

బఠాణీల్లో రాళ్ళున్నాయి. ఒకటీ రెండూ కాదు, గుప్పెడు. మొదటి చెంచాకే నా కిందిపన్ను సగం విరిగింది. వలీయా గిన్నె లాక్కుంది. దాంతో దాదాపు అన్ని గింజలూ మిగిలిపోయాయి, అన్ని కన్నీళ్ళు ఎక్కడినుంచి తేవాలో తెలియక కూర్చున్నాను. నువ్వు గింజలు ఏరే తీరు చూసి అమ్మ ఇరుగుపొరుగుకి గొప్ప చెప్పుకునేది. నువ్వు రాళ్ళు పంపావంటే నాకింక సందేహం లేదు.

ఇక్కణ్ణుంచి జింత్రాకి వినిపించకు. ఇది నీకూ నాకూ మధ్య.

నీకు తెలిసిపోయింది. ఎవరు చెప్పారో తెలియదు, ఇప్పుడు పాత కాయితాలన్నీ ఎవరడిగినా చూపిస్తున్నారట, నువ్వే వెళ్ళి చూసి ఉంటావు. సగం వెన్ను, పండగనాడు నల్లరిబ్బను, రాళ్ళు. నోటితో అడగడం ఇష్టంలేక ఇలా అడుగుతున్నావు. అడగక ముందే చెప్పాల్సినవాణ్ణి నేను.

నలభై తొమ్మిది మార్చి గుర్తు చేసుకో. అమ్మమ్మకీ నీకూ ఒకటే పేరు, ఒకటే పేరు రోజు, మార్చి ఇరవై ఐదు. ముందురోజే అమ్మ మనిద్దర్నీ తీసుకుని అమ్మమ్మ ఊరు వెళ్ళింది. నాన్న ఆవులకి మేత వేసి మధ్యాహ్నానికి వస్తానన్నాడు. అమ్మ కుంకుమపువ్వు వేసి పెద్ద క్లింగెరిస్ రొట్టె కాల్చింది, నాన్న వస్తేగానీ కోయనంది. వచ్చినవాళ్ళంతా ఆ రొట్టె చూస్తూ కూర్చున్నారు. చీకటి పడేవేళకి పక్కింటివాడు వచ్చి, పొద్దున్నే సైనికులు బితేనికి వచ్చారని, ఇంట్లో నాన్న ఒక్కడే దొరికితే బండెక్కించి తీసుకుపోయారని చెప్పాడు. ఆ రొట్టె ఎవరు తిన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

యాభై మూడులో నేను ఓడల మరమ్మతు బడికి దరఖాస్తు పెట్టాను. తండ్రి వివరాలు అని ఒక గడి ఉంది. సైబీరియా అని రాస్తే గుమ్మం కూడా దాటనివ్వరు. "యుద్ధంలో మరణించాడు" అని రాశాను. ఆయన బతికే ఉన్నాడక్కా. మరుసటి ఏడు ఆయన ఉత్తరం వచ్చింది, పిల్లలు చదువుకుంటున్నారా అని. నేను జవాబు రాయలేదు. సైబీరియాకి నా పేరుతో ఉత్తరం వెళితే గుట్టు బయటపడుతుందని ఒక్కటంటే ఒక్కటి కూడా రాయలేదు. యాభై ఐదులో ఆయన అక్కడే పోయాడు. బతికున్న తండ్రిని నా చేత్తో రెండేళ్ళు ముందే చంపి, ఆ చేత్తోనే తర్వాత ఆయన జెండా కొస పట్టుకున్నాను. నువ్వు "నేలకి తగలనివ్వకు" అన్నప్పుడు నా కొస జారింది అందుకే.

ఇప్పుడు తిట్టు. ఏం తిట్టినా పడతాను.

మికెలిస్


బితేని ఇల్లు,
జనవరి 25

ఒరేయ్ మికెలిస్,

నీ ఉత్తరం అందింది. పన్ను సంగతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాళ్ళెలా వచ్చాయో, నేను రెండుసార్లు ఏరాను. పన్ను కట్టించుకో, ఆ వయసులో సగం పన్ను అందం కాదు. మిగతా అంతా కులాసా అని రాశావట, సంతోషం.

ఇక్కడ మంచు కిటికీ అంచుదాకా వచ్చింది. కోళ్ళు గుడ్లు మానేశాయి. ఆవిరిగది పొయ్యి పొగ చిమ్ముతోంది, నువ్వొస్తే గొట్టం దులిపి వెళ్ళు. అబద్ధాలెందుకు, ఈ చలికాలం కొంచెం పొడుగ్గానే ఉంది. ఉల్లిపాయలు కిటికీలో మొలకెత్తించాను, ఆ పచ్చి వాసనే వసంతం అనుకుంటున్నాను.

నాకు ఊలు పంపకు. చాలా ఉంది.

మారీతె


లియెపాయా,
ఫిబ్రవరి 6

అక్కకి,

నీ జవాబు మూడుసార్లు చదివాను. నేను నలభై ఐదేళ్ళు మోసినది నీ ముందు దింపితే, నువ్వు కోళ్ళ గురించి రాశావు.

తిట్టినా బాగుండేది. కులాసా అని నేనెక్కడ రాశాను? నువ్వు వెక్కిరిస్తున్నావో, క్షమించావో, అసలు ఆ మాటెత్తడమే నీకు అసహ్యమో తెలుసుకునే తెలివి నాకు లేదు. ఇక నిన్ను విసిగించను. ఆవిరిగది గొట్టం ఊళ్ళో ఎవరిచేతనైనా దులిపించుకో.

మికెలిస్


బితేని ఇల్లు,
మార్చి 8

నాయనా మికెలిస్,

ఇది రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే కోపం అనుకోకు. కింద స్కేలు పెట్టి రాస్తున్నాను, అది జరిగిపోతోంది.

నాకు చూపు పోతోందిరా. పోయిన ఏడాది ఎండాకాలం నుంచే. మధ్యలో అంతా బూడిద, అంచుల్లో కొంచెం వెలుతురు. మదొనాలో డాక్టరు చూసి కంటి నరం ఎండిపోయింది, ఆపరేషన్ లేదు అన్నాడు. నీకు చెబితే మీ ఐదో అంతస్తుకి ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెడతావు. ఈ ఇంట్లో నాకు కళ్ళక్కర్లేదు, ఏ మెట్టు ఎక్కడుందో పాదాలకి తెలుసు. మీ ఇంట్లో నేను గుడ్డిదాన్ని. అందుకని చెప్పలేదు.

నీ ఉత్తరాలు జింత్రా చదివి పెడుతుంది. జనవరిది చదువుతూ పన్ను దాకా వచ్చింది, తర్వాత ఆగిపోయింది. "ఇక్కణ్ణుంచి జింత్రాకి వినిపించకు" అని నువ్వే రాస్తివి. ఆ అమ్మాయి ఒట్టి అమాయకురాలు, నువ్వు వద్దన్నావని చదవడం మానేసి, మిగతా అంతా కులాసాయేనట అని చెప్పి కాయితం మడిచి నా చేతికిచ్చింది. నీ ఫిబ్రవరి ఉత్తరం చదివి తను ఏడ్చింది, అప్పుడు చెప్పింది. ఇప్పుడు చదవనా అంది. వద్దన్నాను. బడిలో పాత భూతద్దం ఒకటి ఉంటే తెప్పించి, మంచు మీద ఎండ పడే వేళ గుమ్మంలో కూర్చుని నేనే చదివాను. ఒక్కో అక్షరం. మూడు రోజులు.

ముందు నీ లెక్కలు తేలుస్తాను. తొడుగులు వేళ్ళతో కుట్లు లెక్కపెట్టి అల్లాను, మధ్యలో లెక్క తప్పింది. ఊలు రంగులు బుట్టలో ఉన్న చోటుని బట్టి తీస్తాను, పిల్లి చోటు మార్చింది. రాళ్ళూ బఠాణీలూ ఒకేలా ఉంటాయి, ఎండాక మరీను. రిబ్బను మాత్రం నాకు సిగ్గు. జూన్‌లో విప్పాననుకున్నది రిబ్బను కాదు, కర్రకి చుట్టిన తాడు కొస. ఏ రోజు జెండా ఎలా కట్టాలో ఈ ఊరి పిల్లలకి నేర్పింది నేనే, పండగనాడు సంతాపం కట్టింది నేనే. రోడ్డున పోయేవాళ్ళు మన ఇంట ఎవరో పోయారని టోపీలు తీసి, మాట్లాడకుండా వెళ్ళారట. ఒక్కరూ నోరు విప్పి అడగలేదు. మన వాళ్ళ మర్యాద ఇలాగే తగలడుతుంది.

నీకు నేనేమీ చెప్పలేదురా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు. నేను గుమ్మడికాయ మాట కూడా ఎత్తలేదు.

ఇక ఆ గడి సంగతి. నాకు తెలియదు. ఏ కాయితాలూ చూడలేదు, చూడ్డానికి కళ్ళెక్కడివి. కానీ నేనూ నీకో మాట దాచాను. యాభైలో నేను టీచరు శిక్షణకి దరఖాస్తు పెట్టినప్పుడు అదే గడి, అదే అబద్ధం. నువ్వు యుద్ధంలో పోయాడని రాశావు, నేను జ్వరంతో పోయాడని రాశాను. నీకంటే మూడేళ్ళు ముందు చంపాను నేను. నీ ముఖం చూడ్డానికి సిగ్గుపడి ఏనాడూ నీకు చెప్పలేదు. ఒక ఇంట్లో తండ్రి రెండు రకాలుగా పోయాడు, రెండుసార్లూ బతికే ఉన్నాడు.

ఇంకొకటి. నువ్వు ఒక్క ఉత్తరం కూడా రాయలేదన్నావు. రాశావు. నేను అమ్మ పేరుతో రాసి పక్క స్టేషన్లో రైలుకి ఉండే తపాలాపెట్టెలో వేసేదాన్ని. ప్రతిదానికీ కింద నీ పేరు కూడా నేనే రాసేదాన్ని, ఎడమచేత్తో, నీ వంకర అక్షరాలు రావాలని. నీ చదువు, నీ జలుబు, నువ్వు పట్టిన చేపలు అన్నీ కల్పించి రాశాను. ఆయన చివరి ఉత్తరంలో ఏముందో తెలుసా? "మికెలిస్ చేతిరాత బాగుపడింది, వాడికి నా ముద్దులు" అని. అది నీకు చూపించాల్సింది. చూపిస్తే మిగతాదంతా చెప్పాల్సొస్తుందని పెట్టె అడుగున దాచాను. జెండా పక్కనే.

నలభై తొమ్మిది తర్వాత నా పేరు రోజున ఈ టేబుల్ మీద నేను గుడ్డ పరవలేదు. పిలవకుండా వచ్చేవాళ్ళంటే నాకు ఆ రోజు ఈ ఇంటికి వచ్చిన సైనికులే గుర్తొస్తారు. నేను తలుపు తీయనని ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ రారు. ఈసారి గుడ్డ పరుస్తున్నాను. జింత్రా కుంకుమపువ్వు తెచ్చింది, క్లింగెరిస్ కాలుస్తాను, మాడితే మాడింది. బిర్చ్ చెట్లకి గాటు పెట్టి బకెట్లు తగిలించాను, తాగే తియ్యనీరు దిగడం మొదలైంది.

నేను ఎవరినీ పిలవడం లేదు.

మీ అక్క,
మారీతె


లియెపాయా,
మార్చి 16

అక్కా,

ఇది నువ్వే చదువుకో. అందుకే ఒక్కో అక్షరం వేలంత రాస్తున్నాను. జింత్రా పక్కనుంటే ఉండనీ.

పేరు రోజుకి వచ్చేవాళ్ళు వస్తున్నామని చెప్పకూడదు. అందుకని చెప్పడం లేదు. ఇరవై ఐదున నేను ఇంట్లో ఉండనని మాత్రం వలీయా పక్కింటివాళ్ళకి చెప్పింది. తానూ ఉండదట.

నాన్న ఉత్తరం తీసి ఉంచు. నా చేతిరాత చూసుకోవాలి.

నీ జెండా గురించి రేవులో ఒక ముసలాయన్ని అడిగాను. ఆ రోజు రిబ్బను విప్పాల్సిన పని లేదన్నాడు. మార్చి ఇరవై ఐదున అది ఉండాల్సిందే. ఒక కొస నువ్వు పట్టుకో, ఒక కొస నేను పట్టుకుంటాను. నేలకి తగలనివ్వం. ఆ రోజు మంచు ఉంటుంది, చేతులకి తొడుగులు కావాలి.

నాకున్నవి రెండూ ఎడమచేతివే. వేసి చూశాను. కుడిచేతికి కొంచెం బిగుతు, కానీ పడుతోంది.

మికెలిస్